156 మంది దాకా కదలని వంతెన

(సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో ఒక రిటైర్డ్ స్ట్రక్చరల్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

వెనక వాళ్లకి వినపడుతోందా? సరే. ముందు ఒక చిన్న పని చేద్దాం. అందరూ ఒకసారి లేచి నిలబడండి. ఫోన్లు జేబులో పెట్టండి బాబూ, ఒక్క నిమిషమే. ఉన్నచోటే నడుస్తున్నట్టు కాళ్లు ఆడించండి. పరుగు వద్దు, మెల్లగా, కూరగాయలకి బజారుకి వెళ్తున్నట్టు. ఇప్పుడు మీ ముందు వరుసలో వాళ్ల భుజాలు చూడండి. ఎటు పోతున్నాయి?

(విద్యార్థులు: పక్కకి సార్.)

పక్కకి. ఎడమ కాలు మోపితే ఒళ్లు ఎడమకి ఒరుగుతుంది, కుడి కాలు మోపితే కుడికి. పుట్టి ఏడాది నిండినప్పటి నుంచీ మనం చేస్తున్న పనే ఇది, ఎవరమూ గమనించం. చాలు, కూర్చోండి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒరుగుడు గురించే.

మనిషి సెకనుకి సుమారు రెండు అడుగులు వేస్తాడు. అంటే నేలని కిందికి తొక్కడం సెకనుకి రెండుసార్లు. మరి పక్కకి తోయడం? ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, రెండూ కలిస్తే గానీ ఒక చుట్టు పూర్తికాదు. కాబట్టి సెకనుకి ఒకటే. నిలువుగా 2 హెర్ట్జ్, అడ్డంగా 1 హెర్ట్జ్. ఆ అడ్డం తోపు ఎంతయ్యా అంటే ఒక మనిషికి 25 న్యూటన్లు, కొంచెం అటూ ఇటూ. రెండున్నర కిలోల ఉల్లిపాయల సంచి బరువంత. డెబ్భై కిలోల మనిషి కింద అదొక లెక్కా? పైగా వందమంది నడుస్తుంటే కొందరు ఎడమకి, కొందరు కుడికి తోస్తారు, ఒకదానికొకటి కొట్టేసుకుపోతాయి. అందుకని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటి బ్రిటిష్ కోడ్‌లో, అంటే డిజైను నియమాల పుస్తకంలో, కాలినడక వంతెన నిలువుగా ఎంత ఊగవచ్చో ఉంది. జనం నడకకి అది పక్కకి ఊగితే ఏం చెయ్యాలో లేదు.

ఇక లండన్ వెళ్దాం. థేమ్స్ నదికి ఉత్తరం ఒడ్డున సెయింట్ పాల్స్ కేథడ్రల్, దక్షిణం ఒడ్డున పాత కరెంటు కర్మాగారాన్ని మార్చి పెట్టిన టేట్ మోడర్న్ మ్యూజియం. ఈ రెంటినీ కలుపుతూ మనుషులు నడవడానికి మాత్రమే ఒక వంతెన కట్టాలని 1996లో పోటీ పెట్టారు. గెలిచినవాళ్లు ముగ్గురు కలిసి వచ్చారు. ఇంజనీర్లు అరుప్ సంస్థ, ఆర్కిటెక్టులు ఫోస్టర్ సంస్థ, శిల్పి ఆంథొనీ కారో. 1894లో టవర్ బ్రిడ్జి వచ్చాక లండన్ నడిబొడ్డున నదికి అడ్డంగా కొత్త చోట వంతెన పడటం అదే మొదలు. దానికి మిలీనియం బ్రిడ్జి అని పేరు పెట్టారు.

దాని అందమంతా ఎక్కడుందంటే, అది సస్పెన్షన్ బ్రిడ్జే కానీ అలా కనపడదు. మామూలు సస్పెన్షన్ బ్రిడ్జికి ఎత్తైన టవర్లు, వాటి మీది నుంచి వేలాడే కేబుళ్లు ఉంటాయి కదా. ఇక్కడ కేథడ్రల్ డోమ్‌కి అడ్డం రాకూడదు. అందుకని కేబుళ్లని పక్కలకి దించేశారు. ఇంట్లో బట్టల దండెం గుర్తు తెచ్చుకోండి. వదులుగా కడితే మధ్యలో వేలాడుతుంది, మేకుల మీద పెద్ద లాగుడు ఉండదు. బిగించి కడితే చూడటానికి చక్కగా ఉంటుంది, కానీ తడి దుప్పటి ఆరేయగానే గోడలో మేకు ఊడి వస్తుంది. వీళ్లు బిగించి కట్టారు. మధ్య స్పాన్, అంటే రెండు స్తంభాల నడుమ భాగం, 144 మీటర్లు, దానికి కేబుల్ దిగుడు 2.3 మీటర్లు మాత్రమే. మామూలు సస్పెన్షన్ బ్రిడ్జిలో ఉండే దాంట్లో ఆరో వంతు. పక్కకి నాలుగు చొప్పున మొత్తం ఎనిమిది కేబుళ్లు, ఒక్కొక్కటి 120 మిల్లీమీటర్ల లావు. అన్నీ కలిసి ఒడ్డుని లాగే బలం 2,000 టన్నుల పైమాటే. మేకులు ఊడలేదు, అది వేరే సంగతి. పునాదులు గట్టిగానే వేశారు. డెక్, అంటే మనం నడిచే పలక, వెడల్పు 4 మీటర్లు, అల్యూమినియం. దూరం నుంచి చూస్తే నీళ్ల మీద గీత గీసినట్టు ఉంటుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నా, ఫోటోల్లో కంటే బాగుంటుంది.

2000 జూన్ 10, శనివారం. జనానికి తెరిచారు. ఆ రోజు ఎనభై వేల నుంచి లక్ష మంది దాకా దాటారని అంచనా. ఒక్కోసారి ఒకేసారి రెండు వేల మంది వంతెన మీద ఉన్నారు. కాసేపటికి డెక్ పక్కకి ఊగడం మొదలైంది. మొదట ఎవరో ఒకరిద్దరికి తెలిసే అంత. తర్వాత దక్షిణం స్పాన్ 50 మిల్లీమీటర్లు, మధ్య స్పాన్ 70 మిల్లీమీటర్లు. అరచేతి వెడల్పంత అన్నమాట. కూర్చుని వింటే తక్కువే అనిపిస్తుంది. కాలి కింద నేల సెకనుకోసారి అరచెయ్యి మేర జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. జనం రైలింగ్ పట్టుకున్నారు, కొందరు ఆగిపోయారు. గమ్మత్తేమిటంటే, జనం ఆగితే ఊపు తగ్గేది. మళ్లీ నడవగానే మొదలు. ఆదివారం లోపలికి వదిలే మనుషుల సంఖ్య తగ్గించి చూశారు. సోమవారం, 12న, మూసేశారు. 18 మిలియన్ పౌండ్ల వంతెన మూడో రోజుకి తాళం! పత్రికలకి పండగే కదా. ఊగుడు వంతెన అని పేరు పడిపోయింది. లండన్‌లో ఇప్పటికీ చాలామంది దాన్ని అలాగే అంటారు.

సరే, ఎందుకు ఊగింది? మీరు చెప్పండి.

(ఒక విద్యార్థి: రెసొనెన్స్ సార్. సైనికులు కవాతు చేస్తే వంతెన కూలినట్టు.)

ఆ జవాబు వస్తుందని తెలుసు. తోపుల లయ, వంతెన సొంత ఊపు లయ కలిస్తే ఊపు పెరిగిపోవడం, అదే రెసొనెన్స్. ఇంటర్ ఫిజిక్స్ నుంచీ మోసుకొస్తున్నదే కదా. సైనికుల కథ నిజమే. 1831లో ఇంగ్లండులో బ్రౌటన్ సస్పెన్షన్ బ్రిడ్జి అలాగే కూలింది. లండన్‌లోనే ఆల్బర్ట్ బ్రిడ్జి దగ్గర, సైనికులు ఇక్కడ అడుగు కలపకుండా నడవాలి అని రాసిన బోర్డు ఇప్పటికీ ఉంది. కానీ జూన్ 10న కవాతు చేసిందెవరు? పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, ముసలివాళ్లు, ఐస్‌క్రీమ్ తింటున్నవాళ్లు. మన పుష్కర ఘాట్ జనం లాంటి జనం. లెఫ్ట్, రైట్ అని చెప్పిందెవరు వాళ్లకి?

మూసేసిన రెండు రోజులకే గార్డియన్ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసింది బ్రయాన్ జోసెఫ్‌సన్, ఫిజిక్స్‌లో నోబెల్ గ్రహీత. చిన్న ఉత్తరమే. సారాంశం ఏమిటంటే, జనం అడుగులు కలపడానికీ దీనికీ పెద్ద సంబంధం లేదు, కదిలే నేల మీద మనిషి పడిపోకుండా ఉండటానికి ఏం చేస్తాడో అక్కడ చూడండి అని. ఆ మాట అప్పుడు ఎంతమంది పట్టించుకున్నారో గానీ, దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

అరుప్ వాళ్లు చేసిన పని నాకు నచ్చింది. తప్పు నాది కాదు, ఆర్కిటెక్టుది అని ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోలేదు. మనదగ్గర ఫైలు ఏ టేబుల్ మీద నిద్రపోయేదో నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు) వాళ్లు ముందు మనిషిని కొలవడం మొదలుపెట్టారు. ఇంపీరియల్ కాలేజీలో పక్కకి ఊగే బల్ల మీద మనుషుల్ని నడిపించి, నేల కదిలితే పాదం ఎంత బలంతో తోస్తుందో కొలిచారు. తర్వాత సొంత ఉద్యోగుల్ని తీసుకొచ్చి ఆ వంతెన మీదే నడిపించారు. జులైలో వందమంది, డిసెంబరులో 275 మంది.

ఈ పరీక్షల్లో ఒకటి ఉంది, దాని గురించి కాస్త ఆగి చెప్తాను. ఉత్తరం స్పాన్ మీద మనుషుల్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ గుండ్రంగా నడిపించారు. యాభై మంది, ఏమీ లేదు. వంద, ఏమీ లేదు. 156 మంది, కొలిచే యంత్రంలో సన్నటి వణుకు తప్ప ఏమీ లేదు. ఇంకో పదిమందిని పంపారు. 166. అంతే, గ్రాఫులో గీత లేచింది. లేచి ఎక్కుతూ పోయింది, నడక ఆపించాల్సి వచ్చింది.

ఆలోచించండి. 156కి 166కి తేడా ఎంత? ఆరు శాతం. మనం కాలేజీలో నేర్చుకునే లోడింగ్ అంతా ఎలా ఉంటుంది? లోడ్ పది శాతం పెరిగితే డిఫ్లెక్షన్, అంటే వంగుడు, పది శాతం పెరుగుతుంది. ఇక్కడ అది పనిచెయ్యదు. 156 దాకా వంతెన బంగారం. దాని మీద రోజూ 150 మంది పదేళ్లు నడిచినా ఒక్క కంప్లెయింటు రాదు. ఎవరైనా వచ్చి కొలిచినా ఏమీ దొరకదు.

ఎందుకలా? జోసెఫ్‌సన్ ఉత్తరం దగ్గరికి వద్దాం. మీలో ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్లు ఎంతమంది? కండక్టరుని చూశారుగా. రెండు చేతులూ టికెట్ మిషను మీదే ఉంటాయి, దేన్నీ పట్టుకోడు, అయినా పడడు. ఎలా? కాళ్లు ఎడం చేస్తాడు. బస్సు కుడికి విసిరితే ఆ అడుగు కొంచెం దూరం వేస్తాడు. వేసి నేలని గట్టిగా తోస్తాడు. ఆ తోపు బస్సు మీద పడుతుంది, బస్సు పది టన్నులు, దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ నూట అరవై మంది కండక్టర్లు, కింద సన్నటి రిబ్బను లాంటి వంతెన. అప్పుడు?

అరుప్ కొలతల్లో తేలిందేమిటంటే, మనిషి తోసే బలం నేల కదిలే వేగాన్ని బట్టి పెరుగుతోంది. కదలిక ఎటో తోపూ అటే. డ్యాంపింగ్ అంటే ఊపుని చల్లార్చే గుణం. అదేం చేస్తుంది? వేగాన్ని బట్టి వెనక్కి లాగుతుంది. ఇది వేగాన్ని బట్టి ముందుకి తోస్తోంది. అంటే ప్రతి మనిషీ ఒక చిన్న నెగెటివ్ డ్యాంపర్. సంసారం లెక్కలో చెప్పాలంటే, వంతెన ఖర్చు చేసే మనిషి, జనం జీతం తెచ్చే మనుషులు. తెచ్చినదానికంటే ఖర్చు ఎక్కువ ఉన్నంత కాలం ఖాతాలో ఏమీ మిగలదు. ఖర్చుని ఒక్క రూపాయి దాటి తెచ్చారా, ఇక అక్కడి నుంచి మిగులు పెరుగుతూనే పోతుంది, వడ్డీ మీద వడ్డీ. ఆ దాటే చోటే 166. ఆ వంతెన సొంత డ్యాంపింగ్ ఒక శాతం కూడా లేదు, ఖర్చు చేసే చెయ్యి చాలా చిన్నది. దానికి తోడు పక్కకి ఊగే సహజ ఫ్రీక్వెన్సీలు, అంటే కదిలిస్తే వంతెన తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో, చూడండి. మధ్య స్పాన్‌కి ఒకటి 0.5 హెర్ట్జ్, రెండోది 1.0. దక్షిణానికి 0.8. ఉత్తరానికి 1 దాటి కొంచెం. అన్నీ మనిషి నడక చుట్టుపక్కలే.

నాకు బాధ కలిగించే విషయం ఇంకోటుంది. ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. 1975లో న్యూజీలాండ్‌లో, మావోరీ ప్రజలు తమ భూముల కోసం పెద్ద పాదయాత్ర చేశారు. వాళ్లు ఆక్లండ్ హార్బర్ బ్రిడ్జి దాటుతుంటే అది పక్కకి ఊగింది. అది కార్లు లారీలు తిరిగే భారీ వంతెన, కాలినడకది కాదు. జపాన్‌లో టోడా పార్కు దగ్గర పడవ పందేల స్టేడియం నుంచి బస్టాండుకి ఒక కాలినడక వంతెన ఉంది. పందెం అయిపోగానే వేల మంది ఒక్కసారిగా దాని మీద పడతారు. అది ఊగితే ఫుజినో అనే ప్రొఫెసరు పైనుంచి వీడియో తీసి, జనం తలలు ఎటు కదులుతున్నాయో ఒక్కొక్కటీ గమనించి 1993లో పేపరు ప్రచురించాడు. దాన్ని కుదుర్చడానికి వంతెన దూలం లోపలి డొల్లలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ డబ్బాలు పేర్చారు, ఆ నీళ్లు అటూ ఇటూ తొణికి ఊపుని తినేస్తాయి. ఎంత చవకైన పనో! ఇక పారిస్‌లో సీన్ నది మీద సోల్ఫెరీనో వంతెన. 1999 డిసెంబరులో తెరిచారు, పక్కకి ఊగింది, మూసేశారు. లండన్ కంటే ఆరు నెలల ముందు! అప్పట్లో రైల్లో పోతే మూడు గంటల దూరం.

తెలిసినవాళ్లకి తెలుసు. తెలిసిన సంగతి కోడ్‌లోకి ఎక్కలేదు. కోడ్‌లో లేనిది డిజైన్ చేసేవాడి టేబుల్ మీదికి రాదు. వంతెన చూడటానికి ఎలా ఉందన్న దాన్ని బట్టి ఈ జబ్బు రాదు, అదీ ఒక కారణం. ఊగిన వంతెనల్లో ఒకటి పెట్టెలాంటి దూలాలది, ఒకటి ఆర్చి, ఒకటి కేబుళ్లతో లాగి కట్టింది. తన డిజైనుకీ ఆ పేపరులోని వంతెనకీ పోలిక లేదని ప్రతివాడూ అనుకున్నాడు. పక్కకి ఊగే ఫ్రీక్వెన్సీ 1.3 హెర్ట్జ్ లోపు ఉందా, జనం తగినంత మంది పడతారా, అంతే కావలసింది.

నా సంగతి ఒకటి చెప్పేస్తాను, దాచుకోవడమెందుకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో ఫుట్ ఓవర్ బ్రిడ్జికి లోడ్ టెస్ట్ చేయించాను. ఎలా చేస్తాం? ఇసుక బస్తాలు పేర్చి, ఇరవై నాలుగు గంటలు ఉంచి, డయల్ గేజి రీడింగు రాసుకుని, బస్తాలు తీసేశాక ఎంత వెనక్కి వచ్చిందో చూస్తాం. పాసయింది, సంతకం పెట్టాను. నెల తర్వాత అటు వెళ్తే, బడి వదిలే టైముకి పిల్లలు దాని మీద గంతులేస్తున్నారు, అది నిలువునా ఊగుతోంది. కింద సోడాబండి ఆయన నవ్వి, రోజూ ఇదే ఆట సార్, ఎక్కి ఊగడానికే వస్తారు అన్నాడు. కూలదని నాకు తెలుసు. అయినా ఒళ్లు చల్లబడింది. ఇసుక బస్తా గంతెయ్యదు కదా. పక్కకి ఒరగదు, పడిపోతానేమో అని కాలు ఎడం చెయ్యదు. నేను పెట్టిన లోడు బరువు మాత్రమే. లండన్ వంతెన గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సోడాబండి.

సరే, ఎలా బాగుచేశారు? దారులు రెండు. ఒకటి, వంతెనని గట్టిపరచడం. మధ్య స్పాన్ 0.5 హెర్ట్జ్‌ని 1.5కి తీసుకెళ్లాలంటే మూడు రెట్లు. ఫ్రీక్వెన్సీ స్టిఫ్‌నెస్ వర్గమూలంతో పోతుంది కాబట్టి స్టిఫ్‌నెస్ తొమ్మిది రెట్లు పెరగాలి. అంత ఇనుము పెడితే అది గీతలా ఉండదు, గడ్డర్ల గుట్టలా ఉంటుంది. రెండోది, ఖర్చు చేసే చెయ్యి పెంచడం. వాళ్లు రెండోది చేశారు. 37 విస్కస్ డ్యాంపర్లు పెట్టారు. మీ బైకు వెనక షాక్ అబ్జార్బర్ ఉంటుందే, దానికి అన్న లాంటిది. 17 డెక్ కింద V ఆకారపు చట్రాలకి, మిగతావి స్తంభాల దగ్గర, దక్షిణం చివర నేలకి. వీటికి తోడు, నిలువు ఊపు కోసం స్ప్రింగుల మీద నిలబెట్టిన బరువులు ఒక యాభై దాకా. కష్టం ఎక్కడంటే, బైకు షాకు గుంత వస్తే పనిచేస్తే చాలు. ఇక్కడ మిల్లీమీటరు కదలికకే పనిచెయ్యాలి, సీలు దగ్గర రాపిడికి కూడా అతుక్కుపోకూడదు. డ్యాంపింగ్ ఒక శాతం లోపు నుంచి 15, 20 శాతానికి పోయింది. ఖర్చు 5 మిలియన్ పౌండ్లు.

2002 జనవరి 30న రెండు వేల మందిని నడిపించి చూశారు. కదలలేదు. ఫిబ్రవరి 22న మళ్లీ తెరిచారు. కొలతలన్నీ, లెక్కలతో సహా, ముందే 2001లో ప్రచురించేశారు. వ్యాపార రహస్యం అని దాచుకుంటే అడిగేవాడు లేడు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, నెట్‌లో చూస్తే జనం అందరి అడుగులూ వాటంతటవే కలిసిపోవడం వల్లే ఊగిందని ఉంది.)

ఉంటుందమ్మా. 2005లో స్టీవెన్ స్ట్రోగట్జ్ అనే గణిత శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి నేచర్ పత్రికలో అలాంటి నమూనా రాశారు. మిణుగురులన్నీ ఒకేసారి వెలిగి ఆరినట్టు జనం అడుగులు కలుస్తాయని. చాలా అందమైన ఆలోచన, అందుకే అంతగా పాకింది. కానీ బ్రిస్టల్‌లో క్లిఫ్టన్ సస్పెన్షన్ బ్రిడ్జి ఉంది, 1864ది. అక్కడ బెలూన్ పండగకి జనం పోటెత్తినప్పుడు మెక్‌డొనాల్డ్ అనే ఆయన కొలిచాడు. వంతెన ఊగింది, కానీ ఆ ఊపుకీ జనం అడుగుల లయకీ పొంతన లేదు. 2021లో ఆయన, ఇంకొందరు కలిసి చూపించినదేమిటంటే, అడుగులు కలవకపోయినా సరే, బ్యాలెన్సు కోసం పడే పాట్లు చాలు ఊపు లేవడానికి. లేచాక కొందరి అడుగులు కలవొచ్చు. కలవడం తర్వాతి మాట. అప్పటికి జోసెఫ్‌సన్ ఉత్తరానికి ఇరవై ఒక్క ఏళ్లు.

(మరో విద్యార్థి: మీరు వెళ్లినప్పుడు ఊగిందా సార్?)

లేదు బాబూ. మా అమ్మాయి అక్కడే ఉంటుంది, మనవరాలికి ఎనిమిదేళ్లు. ఊగుడు వంతెన అని చెప్పి తీసుకెళ్లాను. మధ్యకి వెళ్లి ఎగిరింది, పక్కకి తోసింది, నన్నూ ఎగరమంది. ఏమీ లేదు. తాతయ్యా అబద్ధం చెప్పావ్ అని అలిగింది. అప్పుడు దక్షిణం ఒడ్డున కిందికి తీసుకెళ్లి డెక్ అడుగున ఆ V చట్రాలు చూపించాను. దానికి అవేమీ నచ్చలేదు. డెక్ సందుల్లో ఎవరో ఉమ్మేసిన చూయింగ్ గమ్ మీద ఒక చిత్రకారుడు వేలిగోరంత బొమ్మలు వేసి ఉంచాడు, వాటి దగ్గరే గంట కూర్చుంది.

(అదే విద్యార్థి: ఇప్పుడు రిపేర్లేమీ రావా సార్ దానికి?)

రాకేం? 2023 అక్టోబరులో మూడు వారాలు మూసి పని చేశారు. అప్పుడు మధ్యలో ఒక గడ్డి మోపు వేలాడదీశారు. నవ్వకండి, నిజం. వంతెన కింద పనివాళ్లు ఉండి పడవలకి ఎత్తు తగ్గితే, పగలు గడ్డి మోపు, రాత్రి తెల్ల దీపం కట్టాలని థేమ్స్ నది నిబంధనల్లో రాసి ఉంది. మరి నిబంధనలో ఉంది కాబట్టి కట్టారు.

(నవ్వులు, చప్పట్లు)